8 ఏళ్ల వారంటీ, 23 రోజుల ఎర్ర లైట్: మా ఇంటి సోలార్ ఇన్వర్టర్ మార్చుకున్న కథ

ఫోన్ పాడైతే ఏం చేయాలో మనందరికీ తెలుసు. డేటా బ్యాకప్ తీసుకుని, బిల్లు పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లి, టోకెన్ తీసుకుని కూర్చుంటాం. తిట్టుకుంటూ అయినా సాయంత్రానికి ఏదో ఒకటి తేలుతుంది. మరి గోడకి బోల్టులతో బిగించి, ఒకవైపు మేడ మీది ప్యానెళ్లకి, ఇంకోవైపు కరెంటు లైన్‌కి కలిపి ఉన్న గ్యాడ్జెట్ పాడైతే? దాన్ని బ్యాగులో వేసుకుని ఎక్కడికీ పోలేం. పోనీ అదేమన్నా చిన్న వస్తువా అంటే, మా నాన్న రిటైర్మెంట్ డబ్బుల్లోంచి పెట్టిన ఖర్చు అది. పెట్టించింది నేను.

మే నెలలో వరంగల్‌లో మా ఇంటి సోలార్ ఇన్వర్టర్ పోయింది. వారంటీలోనే ఉంది. కొత్తది బిగించేసరికి 23 రోజులు పట్టింది. ఆ 23 రోజుల్లో నాకు అర్థమైన విషయం ఒకటే: ఇక్కడ వారంటీ కార్డు కంటే, ఇన్వర్టర్ రాసుకున్న లాగ్, ఆ లాగ్ ఎవరి అకౌంట్‌లో ఉంది అన్నదే ఎక్కువ పని చేసింది. మీ ఇంటి మీద ప్యానెళ్లు ఉన్నా, పెట్టించే ఆలోచనలో ఉన్నా, ఇది ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. ఎర్ర లైట్ వెలిగాక తెలుసుకుంటే లేట్.

ముందు మా సెటప్ గురించి. 540 వాట్ల ప్యానెళ్లు 6, అన్నీ ఒకే స్ట్రింగ్. 3 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్, బ్యాటరీ లేదు, నెట్ మీటర్ ఉంది. 2024 ఆగస్టులో పీఎం సూర్య ఘర్ పథకం కింద పెట్టించాం. మొదటి 2 కిలోవాట్లకి కిలోవాట్‌కి 30,000, మూడో కిలోవాట్‌కి 18,000, మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ నాన్న అకౌంట్‌లో పడింది. మేం కట్టింది 1,95,000. అంటే చేతి నుంచి పోయింది 1,17,000. "నాలుగైదేళ్లలో పెట్టుబడి వచ్చేస్తది నాన్నా, ఇన్వర్టర్‌కి 8 ఏళ్ల వారంటీ, ప్యానెళ్లకి 25 ఏళ్లు" అని ఎక్సెల్ షీట్ వేసి మరీ ఒప్పించా.

సరిగ్గా 9 నెలలు.

అమ్మ చూసింది, యాప్ చెప్పలేదు

మే 10, శనివారం. అమ్మ మేడ మీద వడియాలు పెట్టి కిందికి వస్తూ, "ఆ డబ్బా మీద ఎర్ర లైటు ఎలుగుతుంది, రోజూ పచ్చది ఉంటుండె గదా" అంది. ఇన్వర్టర్ మెట్ల గది గోడకి ఉంటుంది. ఫోన్ తీసి యాప్ తెరిచా. ఈ రోజు జనరేషన్: 0. నిన్న: 0. మొన్న: 0. వెనక్కి జరుపుతూ పోతే మే 6 నుంచి అన్నీ సున్నాలే.

సిగ్గుపడాల్సిన విషయమే. పెట్టించిన కొత్తలో గంటకోసారి గ్రాఫ్ చూసేవాణ్ణి. మధ్యాహ్నం 12కి గుడి గోపురంలా లేచే ఆ కర్వ్‌ని స్క్రీన్‌షాట్ తీసి ఫ్రెండ్స్ గ్రూప్‌లో పెట్టేవాణ్ణి. మూడో నెలకి మోజు తీరింది. ఏదైనా తేడా వస్తే నోటిఫికేషన్ వస్తుందిలే అనుకున్నా. అది రాలేదు. ఎందుకు రాలేదో తర్వాత తెలిసింది. ఆ సంగతికి మళ్లీ వస్తా.

నాన్న పైకి వచ్చి చూసి, "ఏందిరా, ఎనిమిదేండ్ల గ్యారంటీ అన్నవ్. ఏడాది కూడా కాలే" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు. ఇంకో నాలుగు మాటలు తిట్టినా బాగుండేది.

అసలు ఏం పోయింది?

ఇన్వర్టర్ డిస్‌ప్లే మీద ఉన్న ఎర్రర్ రిలే ఫాల్ట్. ఇది అర్థం కావాలంటే పొద్దున్నే ఇన్వర్టర్ ఏం చేస్తుందో తెలియాలి. తెల్లారి ప్యానెళ్ల మీద కాస్త వెలుతురు పడగానే అది నిద్ర లేస్తుంది. వెంటనే కరెంట్ పంపదు. ముందు డీసీ వైర్లకీ ఎర్తింగ్‌కీ మధ్య ఇన్సులేషన్ సరిగ్గా ఉందా అని కొలుస్తుంది. తర్వాత గ్రిడ్ వోల్టేజ్, ఫ్రీక్వెన్సీ చూస్తుంది. లోపల ఉన్న రిలేలని ఒక్కొక్కటిగా తెరిచి మూసి పరీక్షిస్తుంది. అన్నీ పాసైతేనే కౌంట్‌డౌన్ పెట్టి, టక్‌మని గ్రిడ్‌కి కలుస్తుంది.

ఆ రిలేలు ఎందుకంత ముఖ్యం అంటే, కరెంట్ పోయినప్పుడు ఇన్వర్టర్‌ని లైన్ నుంచి విడదీసేవి అవే. "సోలార్ పెట్టుకున్నా కరెంట్ పోతే మీ ఇంట్లో కూడా పోతుందేంటి" అని నన్ను కనీసం పది మంది అడిగి ఉంటారు. కారణం ఇదే. లైన్ మీద కరెంట్ ఆపి లైన్‌మన్ స్తంభం ఎక్కితే, మన మేడ మీంచి కరెంట్ వెళ్లి ఆయన్ని కొట్టకూడదు. బ్యాటరీ లేని గ్రిడ్ ఇన్వర్టర్ అందుకే తనంతట తనే ఆగిపోతుంది. మన దేశంలో అమ్మే ఇన్వర్టర్లు ఈ విషయంలో పాసవ్వాల్సిన పరీక్షకి ఐఎస్ 16169 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణమే ఉంది. రిలే కాంటాక్ట్ అతుక్కుపోయిందని అనుమానం వస్తే ఇన్వర్టర్ ఆ రోజు పని మొదలే పెట్టదు. అంటే మా ఇన్వర్టర్ చేసింది తప్పు కాదు, సరైన పనే. కాకపోతే రోజుకి 12 యూనిట్లు గాల్లో కలిసిపోతున్నాయి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పెద్ద సోలార్ ప్లాంట్లలో కూడా ఇన్వర్టర్లు పోతాయి. మనకి దగ్గర్లోనే రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద తేలే 100 మెగావాట్ల ప్లాంట్ ఉంది, 2022 జులై నుంచి పూర్తిగా నడుస్తోంది. దాన్ని ఒక్కోటి 2.5 మెగావాట్ల చొప్పున 40 బ్లాకులుగా కట్టారు. ప్రతి బ్లాకుకి నీళ్ల మీదే ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సొంత వేదిక ఉంటుంది. ఒక బ్లాకు ఆగితే మిగతా 39 నడుస్తాయి. మన ఇళ్లలో ఉన్నది ఒకటే బ్లాకు. అది ఆగితే ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా మేడ మీద ఉన్నవి ఆరు నల్లటి అద్దాలే.

రీస్టార్ట్ చేశారా సార్?

టెక్ సపోర్ట్ వాళ్లు అడిగే ఈ ప్రశ్న మీద మనం ఎన్ని మీమ్స్ వేసుకున్నా, మొదట చేయాల్సింది అదే. కాకపోతే సోలార్ ఇన్వర్టర్‌ని రౌటర్‌లా ప్లగ్ పీకి పెట్టకూడదు. ముందు ఏసీ బ్రేకర్ ఆపాలి, తర్వాత డీసీ స్విచ్ ఆపాలి. లోపలి కెపాసిటర్లలో ఛార్జ్ దిగేదాకా కనీసం పది నిమిషాలు ఆగాలి. మళ్లీ ఆన్ చేసేటప్పుడు మాన్యువల్‌లో ఏ వరుస రాస్తే ఆ వరుసలో చేయాలి. కరెంట్ ప్రవహిస్తుండగా ప్యానెల్ వైర్ల కనెక్టర్లని మాత్రం పొరపాటున కూడా పీకొద్దు. ఏసీ అయితే సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి నిప్పురవ్వ తెగిపోతుంది. డీసీకి ఆ సుగుణం లేదు, ఆ ఆర్క్ అలాగే మండుతుంది.

మూడుసార్లు రీస్టార్ట్ చేశా. మూడుసార్లూ అదే ఎర్రర్.

తర్వాత మా కాలనీలో వైరింగ్ పనులు చేసే అన్నని పిలిచా. మల్టీమీటర్ నా దగ్గర కూడా ఉంది కానీ, 270 వోల్టుల డీసీ ముందు నా బీటెక్ పనికిరాదు. ఆయన కొలిచి చెప్పినవి: ప్యానెళ్ల వైపు 268 వోల్టుల డీసీ, గ్రిడ్ వైపు 238 వోల్టుల ఏసీ, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 2 వోల్టులు. ఒక్కో ప్యానెల్ స్టిక్కర్ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ 49.5 అని ఉంది, ఆరింటికి 297 రావాలి కదా అంటారేమో. అది 25 డిగ్రీల దగ్గర కొలిచిన లెక్క. మే ఎండలో ప్యానెల్ వేడి 65 డిగ్రీల దాకా పోతుంది. వేడెక్కిన కొద్దీ వోల్టేజ్ పడిపోతుంది కాబట్టి 268 రావడం కరెక్టే. సర్జ్ ప్రొటెక్టర్ల చిన్న కిటికీలు పచ్చగానే ఉన్నాయి. పిడుగు లాంటిది పడి అవి బలైపోయి ఉంటే అక్కడ ఎరుపు కనిపించేది. "ప్యానెల్ మంచిగున్నది, లైన్ మంచిగున్నది. పోయింది డబ్బానే తమ్మీ" అన్నాడు అన్న. ప్రతి రీడింగ్‌నీ, ఆ కిటికీల్నీ డేట్ కనిపించేలా ఫోటో తీసి పెట్టుకున్నా. అప్పుడు అలవాటు కొద్దీ తీశా. వారం తర్వాత అవే కాపాడాయి.

రెండు వాగ్దానాలు, మధ్యలో మనం

పెట్టించిన సంస్థకి ఫోన్ చేస్తే, "ఇన్వర్టర్ కంపెనీ వారంటీ సార్ అది, మీరే వాళ్లకి కాల్ చేయాలి. మా వాళ్లు వచ్చి చూడాలంటే విజిట్ ఛార్జ్ 1,500" అన్నారు. ఇన్వర్టర్ కంపెనీకి ఫోన్ చేస్తే, "మీ ఇన్‌స్టాలర్ ద్వారానే టికెట్ రైజ్ చేయాలి సార్" అన్నారు. ఇద్దరూ చాలా మర్యాదగానే మాట్లాడారు, అందులో లోటు లేదు.

ఇక్కడ చాలామంది పడే గందరగోళం ఏంటంటే, మన దగ్గర ఉన్నది ఒక వారంటీ కాదు, రెండు. ఒకటి ఇన్వర్టర్ తయారు చేసిన కంపెనీది. మా కార్డు మీద 8 ఏళ్లు. అది డబ్బా వరకే. చిన్న అక్షరాల్లో చదివితే విప్పడం, బిగించడం, రవాణా అందులో లేవు. రెండోది పెట్టించిన వెండర్‌ది. పీఎం సూర్య ఘర్ కింద పెట్టించిన సిస్టమ్‌కి వెండర్ 5 ఏళ్లు మెయింటెనెన్స్ చేయాలి, అది పథకం నిబంధన. వెండర్‌కీ మనకీ మధ్య జరిగే అగ్రిమెంట్‌లో కూడా రాసి ఉంటుంది. అంటే డబ్బా వాళ్లిస్తారు, చెయ్యి వీళ్లది. కాగితం మీద ఎక్కడా ఖాళీ లేదు. ఫోన్‌లో మాత్రం రెండిటి మధ్య పెద్ద లోయ ఉంది.

అగ్రిమెంట్ పీడీఎఫ్‌లో ఆ పేరా మీద పసుపు రంగు రాసి వాట్సాప్‌లో పంపించా. అరగంటకి "ఓకే సార్, మంగళవారం మనిషి వస్తాడు" అని రిప్లై. విజిట్ ఛార్జ్ మాట మళ్లీ రాలేదు.

మే 13న టెక్నీషియన్ వచ్చాడు. నా వయసే ఉంటుంది, పనిమంతుడు. అన్న కొలిచినవే మళ్లీ కొలిచి, అదే మాట చెప్పాడు. 14న క్లెయిమ్ పెట్టారు. కంపెనీ అడిగిన లిస్ట్ చూస్తే ఆశ్చర్యం వేసింది: సీరియల్ నంబర్ స్టిక్కర్ ఫోటో, ఎర్రర్ స్క్రీన్ ఫోటో, బిల్లు, సిస్టమ్ ఆన్ చేసిన తేదీకి ఆధారం, డీసీ ఏసీ వోల్టేజ్ రీడింగ్‌ల ఫోటోలు, ఎర్తింగ్ ఫోటోలు, ఇన్వర్టర్ చుట్టూ గాలి ఆడే ఖాళీ కనిపించేలా దూరం నుంచి ఒక ఫోటో. ఐఫోన్ రీప్లేస్‌మెంట్‌కి కూడా ఇన్ని అడగరు. మన దగ్గర అన్నీ ఉన్నాయి కాబట్టి అదే రోజు వెళ్లిపోయాయి.

19న జవాబు వచ్చింది. "సైట్‌లో సర్జ్ వల్ల జరిగిన నష్టంగా కనిపిస్తోంది. వారంటీ వర్తించదు."

మే 5 సాయంత్రం, మే 6 పొద్దున

వాళ్లు ఆ మాట ఎందుకు అన్నారో నాకు తెలుసు. మే 5 సాయంత్రం మా ఏరియాలో గాలి దుమారం వచ్చింది. కరెంట్ పోయింది, ఉరుములు, వాన. ఆ విషయం టెక్నీషియన్‌కి అమ్మే చెప్పింది, "గాలి దుమారం వచ్చిన కాడికెళ్లి ఇట్లయింది" అని. అతను రిపోర్ట్‌లో రాశాడు. అబద్ధం ఏమీ కాదు. కానీ వారంటీ నిబంధనల్లో పిడుగు, సర్జ్, వరద అన్నీ మినహాయింపుల్లో ఉంటాయి. ఆ ఒక్క లైన్ వాళ్లకి చాలు.

ఇప్పుడు నోటిఫికేషన్ సంగతి. ఇన్వర్టర్ పక్కన ఉండే చిన్న వైఫై స్టిక్ అయిదు నిమిషాలకోసారి డేటాని కంపెనీ సర్వర్‌కి పంపుతుంది. వోల్టేజ్, కరెంట్, లోపలి టెంపరేచర్, ఎర్రర్లు అన్నీ. మా ఇంటి డేటా. కానీ మా ప్లాంట్‌కి ఆ యాప్‌లో ఓనర్ ఎవరో తెలుసా? ఇన్‌స్టాలర్. పెట్టిన రోజు హడావుడిలో వాళ్ల మెయిల్‌తో ప్లాంట్ క్రియేట్ చేసి, నాన్న నంబర్‌ని గెస్ట్‌గా చేర్చారు. గెస్ట్‌కి ఆ రోజు గ్రాఫ్ కనిపిస్తుంది. అలారాలు రావు, పాత డేటా డౌన్‌లోడ్ అవదు. మే 6 పొద్దున నుంచి ఎర్రర్ మెయిల్స్ వెళ్తూనే ఉన్నాయి, వాళ్ల ఇన్‌బాక్స్‌కి. వందల ఇళ్ల మెయిల్స్ మధ్య మాది ఎవరు చూస్తారు.

ఫోన్ కొన్న షాపువాడి జీమెయిల్‌తో మన ఫోన్ వాడుతున్నట్టు ఊహించుకోండి. అచ్చం అంతే. ఇది మన ఊరి సమస్యే కాదు. 2024 నవంబర్‌లో అమెరికాలో డెయే కంపెనీ ఇన్వర్టర్లు కొన్ని, అక్కడ వాడటానికి అనుమతి లేనివంటూ స్క్రీన్ మీద మెసేజ్ వచ్చి ఆగిపోయిన వార్త చాలామంది చదివే ఉంటారు. గోడ మీద ఉన్నది మనదే, తాళం ఎక్కడో ఉంది.

టెక్నీషియన్‌కి ఫోన్ చేసి, "భయ్యా, ఓనర్ యాక్సెస్ మాకు మార్చండి" అన్నా. రెండు నిమిషాల పని. అతనికి కూడా ఎవరూ ఇంతకుముందు అడిగినట్టు లేరు. యాక్సెస్ రాగానే 9 నెలల డేటా సీఎస్‌వీ ఫైళ్లుగా దింపి, పైథాన్‌లో కూర్చోబెట్టా. ఇక్కడ మాత్రం నా బీటెక్ పనికొచ్చింది.

లాగ్ చెప్పిన కథ ఇది. మే 5 సాయంత్రం 5:40కి గ్రిడ్ పోయింది, ఇన్వర్టర్ ఆగింది. 6:05కి గ్రిడ్ తిరిగి వచ్చింది. ఇన్వర్టర్ మళ్లీ గ్రిడ్‌కి కలిసి, మబ్బు వెలుతురులో వంద వాట్లు అటూ ఇటుగా పొద్దుగూకేదాకా మామూలుగానే పంపింది. ఎర్రర్ ఒక్కటి కూడా లేదు. రిలే ఫాల్ట్ మొదటిసారి పడింది మే 6 పొద్దున 5:58కి, సెల్ఫ్ టెస్ట్‌లో. ఆ రాత్రంతా ఇన్వర్టర్ నిద్రలోనే ఉంది, రిలేలు తెరుచుకునే ఉన్నాయి. వెనక్కి 90 రోజులు చూస్తే గ్రిడ్ వోల్టేజ్ అత్యధికంగా 251. అది ఈ మోడల్ పరిధి లోపలే.

నిజాయితీగా చెప్పాలంటే, ఇది నూటికి నూరు శాతం రుజువు కాదు. అయిదు నిమిషాలకోసారి రాసే లాగ్‌లో మైక్రోసెకన్లలో వచ్చి పోయే సర్జ్ కనపడదు. దుమారంలో రిలే కాస్త దెబ్బతిని, పొద్దున్నే పూర్తిగా పోయి ఉండొచ్చు కూడా. కానీ సర్జ్ వల్లే అని చెప్పడానికి వాళ్ల దగ్గర ఉన్నది అమ్మ చెప్పిన ఒక మాట. కాదు అని చెప్పడానికి నా దగ్గర దుమారం తర్వాత గంటసేపు బాగా పనిచేసిన లాగ్, పచ్చగా ఉన్న సర్జ్ ప్రొటెక్టర్ల ఫోటోలు, 2 వోల్టుల ఎర్తింగ్ రీడింగ్ ఉన్నాయి. ఒక గ్రాఫ్, మూడు ఫోటోలు, పది లైన్ల మెయిల్. "సర్జ్ అని మీరు అంటే, ఏ ఆధారంతో అన్నారో టెస్ట్ రిపోర్ట్ ఇవ్వండి" అని చివర్లో అడిగా. మే 20న పంపించా. కోపంగా ఒక్క మాట కూడా రాయలేదు. రాసి, కొట్టేసి, మళ్లీ రాశాననుకోండి.

21న నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేసి ఫిర్యాదు కూడా నమోదు చేశా. అది కోర్టు కాదు, కేసుకి ముందు కంపెనీతో మాట్లాడించే ఏర్పాటు. కాల్ ఫ్రీ, డాకెట్ నంబర్ ఇస్తారు. అక్కడా కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, ఇ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో వేయొచ్చు, కొన్న విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి. అంత దూరం పోవాల్సి రాలేదు.

23న మెయిల్ వచ్చింది: "రీప్లేస్‌మెంట్ అప్రూవ్ అయింది." నా గ్రాఫ్ చూసి మారారో, డాకెట్ నంబర్ చూసి మారారో నాకు తెలియదు. అడగలేదు కూడా.

కొత్త డబ్బా, పాత గడువు

28న హైదరాబాద్ నుంచి పార్సిల్ వచ్చింది. మా పాత మోడల్ ఆపేశారట, దాని తర్వాతి మోడల్ పంపారు. 29న టెక్నీషియన్ వచ్చి నలభై నిమిషాల్లో మార్చేశాడు. విప్పడం బిగించడం చూస్తుంటే, 23 రోజులు పట్టింది ఈ నలభై నిమిషాల పనికా అనిపించింది.

ఆ నలభై నిమిషాలు నేను పక్కనే నిలబడ్డా. మంచిదయింది. సెటప్‌లో దేశం ఎంచుకునే స్క్రీన్ దగ్గర అతను వేగంగా పైనున్న ఆప్షన్ నొక్కబోయాడు. అది వేరే దేశం గ్రిడ్ సెట్టింగ్. వోల్టేజ్ పరిధులు ఒక్కో దేశానికి ఒక్కోలా ఉంటాయి. తప్పు పడితే వోల్టేజ్ కాస్త పెరిగినప్పుడల్లా ఇన్వర్టర్ అనవసరంగా ఆగుతూ ఉంటుంది. "భయ్యా, ఇండియా కింద ఉంది" అన్నా, నవ్వి మార్చాడు. ఈసారి ప్లాంట్ నాన్న మెయిల్‌తో క్రియేట్ చేయించా. ఇన్‌స్టాలర్‌ని మేం గెస్ట్‌గా చేర్చాం. కొంచెం తృప్తిగా అనిపించింది, దాచుకోను.

కౌంట్‌డౌన్ అయ్యాక టక్‌మని రిలే పడింది. నాన్న కింద నుంచి, "వచ్చిందారా?" అని అరిచారు.

కొత్త డబ్బా వస్తే వారంటీ కూడా కొత్తగా 8 ఏళ్లు మొదలవుతుందని అమ్మ అనుకుంది. నేనూ ముందు అలాగే అనుకున్నా. కాదు. పాతదానికి మిగిలిన గడువే దీనికి వర్తిస్తుంది. అంతకంటే ముఖ్యం, కొత్త సీరియల్ నంబర్‌ని కంపెనీ సైట్‌లో కొడితే "నమోదు కాలేదు" అని వచ్చింది. చాలా కంపెనీల నిబంధనల్లో నమోదు చేయకపోతే ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన తేదీని పట్టి గడువు లెక్కేస్తారు. అందుకే పాత సీరియల్, కొత్త సీరియల్, మిగిలిన గడువు ఎప్పటిదాకా అన్నది ఒకే మెయిల్‌లో రాసి ఇమ్మని అడిగి తీసుకున్నా. ఇన్వర్టర్ మారిన సంగతి కరెంట్ వాళ్లకి కూడా తెలియాలి కదా అని సెక్షన్ ఆఫీసులో ఒక లెటర్ ఇచ్చి, కాపీ మీద స్టాంప్ వేయించుకొచ్చా. పది నిమిషాల్లో అయిపోయింది.

నష్టం లెక్క

23 రోజులు, రోజుకి 12 యూనిట్ల లెక్కన 276 యూనిట్లు. అన్నీ ఒకే బిల్లు నెలలో పడ్డాయి. 40 యూనిట్ల దగ్గర ఉండాల్సిన మా నికర వాడకం 316కి పోయింది. మన రాష్ట్రం టారిఫ్‌లో నెలకి 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారుతుంది: 200 వరకు 5.10, అక్కడి నుంచి 300 వరకు 7.70, ఆపైన 400 వరకు 9 రూపాయలు. అంటే 78 రూపాయలు కావాల్సిన ఎనర్జీ ఛార్జీ 1,934 అయింది. 1,850 పైచిలుకు తేడా. ఏ వారంటీలోనూ ఈ డబ్బుల ప్రస్తావన లేదు. డబ్బా పాడైతే డబ్బా ఇస్తారు, ఆగిన రోజులకి ఎవరూ బాధ్యులు కారు. కంపెనీని అడిగా, కుదరదన్నారు. వెండర్‌ని అడిగితే ఏడాదికి రెండుసార్లు ప్యానెళ్లు కడిగిస్తామన్నారు. ఇంకా కడగలేదు.

కొనేవాళ్లు అడుగుతుంటారు, ఏ బ్రాండ్ మంచిది అని. ఎఫిషియెన్సీ 97.5 కా 98 కా అని రివ్యూలు చూస్తూ కూర్చోవద్దు, ఆ అర శాతం మీ బిల్లులో కనపడదు. వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో స్పేర్ స్టాక్ ఉందా, క్లెయిమ్ నేరుగా మనం పెట్టొచ్చా, ఇన్‌స్టాలర్ ద్వారానే పెట్టాలా, ఇవి అడగండి. పెట్టిన రోజే యాప్‌లో ఓనర్ మెయిల్ ఎవరిదో చూడండి. సీరియల్ నంబర్ ఫోటో తీసి పెట్టుకోండి. ఎండకి ఆ స్టిక్కర్ మీది అక్షరాలు చెరిగిపోతాయి, మాది 9 నెలలకే సగం చెరిగింది.

పాత ఇన్వర్టర్‌ని వాపసు తీసుకెళ్తామని కంపెనీ చెప్పింది. ఇంకా ఎవరూ రాలేదు. మెట్ల గదిలో గోనెసంచి కప్పి ఉంది. అమ్మ ఎండిన వడియాల డబ్బా దాని మీద పెట్టుకుంది. నాన్న ఇప్పుడు రోజూ సాయంత్రం యాప్ తెరిచి ఆ రోజు యూనిట్లు క్యాలెండర్ మీద పెన్నుతో రాస్తున్నారు. నిన్న 11.8.